దక్షిణాది ఎక్కడ మొదలవుతుంది? గోడపటం మీద గీత ఎక్కడ గీయాలి?

#1 బడిగోడ (కోడంబాక్కం, చెన్నై)

శనివారం తెలుగు తరగతి పిల్లల కోసం గది గోడకు పెద్ద పటం తయారవుతోంది. పేరు "దక్షిణాది". కింద కన్యాకుమారితో పేచీ లేదు. పైన గీత ఎక్కడ ఆపాలన్నదే తెగడం లేదు. నర్మద అని ఒకరు, కృష్ణ అని ఒకరు, ఐదు రాష్ట్రాల సరిహద్దు గీసేస్తే పోలేదా అని ఇంకొకరు. గోడ మీద చోటు 6 అడుగుల ఎత్తు, 5 అడుగుల వెడల్పు. పిల్లలు 10 నుంచి 14 ఏళ్ళ వాళ్ళు. "ఇక్కడే ఎందుకు?" అని తప్పకుండా అడుగుతారు, జవాబు ఉండాలి. దక్షిణాదిని వేరుగా నిలబెట్టేది భాషా, వానా, తిండా, చుట్టరికమా? ఆయా విషయాలు తెలిసినవాళ్ళు కొలతలతో సహా చెప్పండి.

#2 కొలతబద్ద (రాజాజీనగర్, బెంగళూరు)

గీత సంగతి తర్వాత, ముందు స్కేలు తేల్చుకోండి. 1 మిల్లీమీటరుకు 1 కిలోమీటరు పెట్టుకుంటే లెక్కలు నోటితో చేసుకోవచ్చు. అక్షాంశం 8 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి 23.5 దాకా వెళ్ళండి. 23 దగ్గర ఆపితే జబల్‌పూర్ దగ్గర నర్మద పటం దాటి బయటికి పోతుంది. పదిహేనున్నర డిగ్రీలు, డిగ్రీకి 111 మి.మీ. చొప్పున 1,720 మి.మీ. మీ గోడ 1,829. పైన పేరు రాయడానికి నాలుగు అంగుళాలు మిగులుతుంది. రేఖాంశం 72.5 నుంచి 85.5 వరకు.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. గళ్ళు చతురస్రాలుగా గీసేస్తారు. రేఖాంశాల మధ్య దూరం పైకి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది: 8 డిగ్రీల దగ్గర డిగ్రీకి 110 మి.మీ., 23.5 దగ్గర 102 మాత్రమే. చతురస్రాలే గీస్తే నర్మద దగ్గర పటం దాదాపు 12 సెంటీమీటర్లు అడ్డంగా సాగిపోతుంది. 80 డిగ్రీల రేఖను నిలువుగా పెట్టి, మిగతావి రెండు పక్కలనుంచీ దానివైపు కొద్దిగా వాలేలా గీయండి. సరిచూసుకోవడానికి చెన్నై నుంచి బెంగళూరుకు స్కేలు పెట్టి కొలవండి, 290 మి.మీ. రావాలి.

#3 శాసనలిపి (తిరువాన్మియూర్, చెన్నై)

పాత లెక్క ఏమిటో చూద్దాం. మనుస్మృతి ఆర్యావర్తానికి దక్షిణపు ఎల్లగా వింధ్యను చెప్పింది. దాని అవతలిది దక్షిణాపథం. క్రీ.శ. 150 ప్రాంతపు జూనాగఢ్ శాసనంలో శకరాజు రుద్రదాముడు "దక్షిణాపథపతి" అయిన శాతకర్ణిని రెండుసార్లు గెలిచానని చెప్పుకున్నాడు. సముద్రగుప్తుడి అలహాబాద్ స్తంభ శాసనంలో దక్షిణాపథ రాజుల జాబితాలో వేంగి హస్తివర్మ, కంచి విష్ణుగోపుడు ఉన్నారు. వాళ్ళతోపాటు కోసల మహేంద్రుడూ ఉన్నాడు. ఆ కోసల ఇప్పటి ఛత్తీస్‌గఢ్ వైపుది. అంటే ఆనాటి దక్షిణంలో రాయ్‌పూర్ కూడా లోపలే.

రెండో పులకేశి హర్షుణ్ణి నర్మద దగ్గర ఆపాడు. 634 నాటి ఐహొళె శాసనం హర్షుడి హర్షం కరిగిపోయిందని శ్లేషతో చెబుతుంది. కాబట్టి నర్మద గీతకు శాసనాల బలం ఉంది. కాకపోతే అది రాజ్యాల గీత. దక్షిణ అన్న మాటే ప్రాకృతంలో నలిగి దక్కను అయింది. ఇవాళ దక్కను అంటే పీఠభూమి గుర్తొస్తుంది కానీ తంజావూరు ఎవరికీ గుర్తు రాదు. మాట ఒకటే, అది చూపించే నేల మారుతూ వచ్చింది.

#4 పెన్నేరు (అన్నానగర్, చెన్నై)

ఇంత లోతు ఎందుకండీ? ద్రావిడ భాషలు మాట్లాడేది దక్షిణాది, మిగతాది ఉత్తరాది. గీత అదే పడుతుంది.

#5 మనం_మేం (బసవనగుడి, బెంగళూరు)

పెన్నేరు గారూ, పడదండి. గోండీ మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో ఉంది. కువి, కుయి ఒడిశాలో, కుడుఖ్ ఝార్ఖండ్‌లో, మాల్తో రాజమహల్ కొండల్లో, బ్రాహుయీ ఏకంగా బలూచిస్తాన్‌లో. కుటుంబం పేరు పట్టుకుంటే మీ గీత దేశం దాటిపోతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. భాషావేత్తల చెట్టులో తమిళం, కన్నడం, మలయాళం, తుళు ఒక కొమ్మ. తెలుగు గోండీ, కువి, కుయి, కొండ భాషలతో ఇంకో కొమ్మ. మన దగ్గరి చుట్టాలు మైలాపూర్‌లో కంటే కోరాపుట్, అదిలాబాద్ కొండల్లోనే ఎక్కువ.

కాబట్టి కుటుంబం వదిలేసి ఒక్కో లక్షణాన్ని పట్టుకోండి. రెండు చెబుతాను.

మొదటిది మనం, మేం తేడా. వింటున్నవాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేం. తమిళంలో నామ్, నాంగళ్. మలయాళంలో నమ్మళ్, ఞంగళ్. బాగుందనుకుంటాం. ఇంతలో కన్నడం దగ్గర పగులుతుంది. ఇవాళ్టి కన్నడంలో రెంటికీ నావు ఒక్కటే. పైగా మరాఠీలో ఆపణ్, ఆమ్హీ అన్న తేడా ఉంది, గుజరాతీలో ఆపణే, అమే ఉంది. ఈ గీత గీస్తే అహ్మదాబాద్ లోపలికి వచ్చి బెంగళూరు బయట పడుతుంది.

రెండోది జంటమాట. మనం "కాఫీ గీఫీ" అంటాం, కన్నడిగులూ అంతే. తమిళులు "కాపి కీపి" అంటారు. మొదటి అక్షరం ఏదైనా సరే దాని చోట గి, గీ వస్తాయి. అసలు మాటలో మొదటి అచ్చు పొట్టిదైతే గి (పులి గిలి), పొడుగైతే గీ (పాలు గీలు). హిందీలో "చాయ్ వాయ్", మరాఠీలో "చహా బిహా", బెంగాలీలో "చా టా". ఈ గీత మాత్రం మహారాష్ట్ర సరిహద్దు దగ్గర చక్కగా నిలబడుతుంది. నా మటుకు నాకు పటం మీద వేయాల్సిన భాషా గీత ఇదే.

#6 బడిగోడ

మనం_మేం గారూ, జంటమాట పిల్లలకు ఆటలా ఉంటుంది, వెంటనే పట్టేస్తారు. ఒక సందేహం. ఈ భాషలన్నీ ఒక గుంపు అని మొదట చెప్పినది ఎవరు? కాల్డ్‌వెల్ అనే విన్నాం.

#7 మనం_మేం

కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856లో వచ్చింది. దానికి నలభై ఏళ్ళ ముందే, 1816లో, కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఆ మాట చెప్పాడు. చెప్పినచోటు క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో. తెలుగు ధాతువులను తమిళ, కన్నడ ధాతువుల పక్కన వరసగా పేర్చి, ఇవి సంస్కృతం నుంచి పుట్టినవి కావని చూపించాడు. అదంతా జరిగింది మీ ఊళ్ళోనే, కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పిన సెయింట్ జార్జి కోట కళాశాలలో. నుంగంబాక్కంలో కాలేజ్ రోడ్డుకు ఆ పేరు ఆ కళాశాల వల్లే వచ్చింది. మీ తరగతి నుంచి పెద్ద దూరం కాదు. దక్షిణాది అన్న భావానికి భాషాశాస్త్రపు పునాది పడింది తెలుగు వ్యాకరణం పేజీల్లోనే అని పిల్లలకు తప్పకుండా చెప్పండి.

#8 వానమాపకం (పెరంబూర్, చెన్నై)

వాతావరణశాఖ గీత గురించి ఎవరూ ఎత్తలేదు. అది అన్నిటికంటే స్పష్టం. ఈశాన్య రుతుపవనాల లెక్కకు ఆ శాఖ ఐదు ఉపమండలాలు తీసుకుంటుంది: కోస్తాంధ్ర–యానాం, రాయలసీమ, తమిళనాడు–పుదుచ్చేరి–కారైకాల్, కేరళ–మాహే, దక్షిణ అంతర్గత కర్ణాటక. అంతే. తెలంగాణ లేదు. ఉత్తర కర్ణాటక లేదు. కర్ణాటక తీరం కూడా లేదు.

కారణం ఇది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలి అరేబియా సముద్రం మీదుగా వచ్చి పడమటి కనుమలను కొట్టి తడినంతా అక్కడే దించేస్తుంది. కనుమల చాటున తూర్పు వైపుకు మిగిలేది తక్కువ. అక్టోబరు నడిమికి గాలి తిరగబడుతుంది. బంగాళాఖాతం మీదుగా తడి పట్టుకుని తూర్పు తీరాన్ని తాకుతుంది. తమిళనాడుకు ఏడాది వానలో సగానికి దగ్గరగా, చెన్నైకి సగానికి పైగా, అక్టోబరు–డిసెంబరు మూడు నెలల్లోనే పడుతుంది. దేశంలో ఎక్కువభాగం ఆకాశం తేటపడి చలికి సిద్ధమయ్యే వేళకు ఇక్కడ చెరువులు నిండుతాయి. దక్షిణాదిని వేరుచేసే గుణం ఇంతకంటే గట్టిది ఏముంటుంది?

పటం మీద ఈ ఐదింటికీ నీలం పూయండి. జూన్ వానకు ఆ రంగు వద్దు, అది దేశమంతటిదీ.

#9 పెన్నేరు

అలాగైతే హైదరాబాదు దక్షిణాది కాదా? మంగళూరు కాదా? ఇది ఎవరూ ఒప్పుకోరు.

#10 వానమాపకం

కాదని అనలేదండి. వాన గీతకు బయట ఉన్నాయి అన్నాను. రెండూ ఒకటి కావు. అసలు పటంలో చూపించాల్సిందే ఈ తేడా అనుకుంటాను.

వీలైతే నీలం పొరమీద ఇంకో సన్నగీత వేయండి: కండలేరు నుంచి పూండి దాకా వచ్చే తెలుగుగంగ కాలువ. డిసెంబరులో నిండిన చెరువులు వేసవికి అడుగంటితే చెన్నైకి ఆధారం కృష్ణనీళ్ళు. ఒప్పందం 15 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 ఇవ్వాలని మాట. దారిలో ఆవిరికి 3 పోను సరిహద్దు దగ్గర 12 అందాలి. మహాబలేశ్వరం కొండల్లో పడిన నైరుతి వాన ఈశాన్యం మీద బతికే ఊరికి చేరే దారి అది.

#11 పిండిరుబ్బు (మల్లేశ్వరం, బెంగళూరు)

తిండి గురించి రాస్తాను. దక్షిణాది అనగానే అందరూ ఇడ్లీ బొమ్మ వేస్తారు. వేయండి, కాకపోతే గీతగా వాడకండి.

ఇడ్లీ పాళ్ళే ఊరూరికీ మారతాయి. తమిళుల ఇళ్ళలో 4 పాళ్ళు ఉప్పుడు బియ్యం, 1 పాలు గుండు మినప్పప్పు, అర చెంచా మెంతులు, అన్నీ రుబ్బుతారు. తెలుగు ఇళ్ళలో 1 గ్లాసు మినప్పప్పు రుబ్బి, 2 గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి, నానబెట్టి, నీళ్ళు పిండేసి, కలుపుతారు. బియ్యం రుబ్బే పనే లేదు. తమిళ ఇడ్లీ దూదిలా మెత్తగా, మన ఇడ్లీ కాస్త పలుకుగా ఉండేది ఇందుకే.

పులియడానికి కావలసిన సూక్ష్మజీవులు పప్పులోనే ఉంటాయి, బయటినుంచి ఏదీ కలపక్కర్లేదు. పులిసేటప్పుడు పుట్టే గాలిని మినుములోని జిగురు పట్టి ఉంచుతుంది. మినుము సరిగ్గా రుబ్బకపోతే పిండి పులుస్తుంది కానీ పొంగదు. గ్రైండరులో పాతిక, ముప్ఫై నిమిషాలు, చల్లటి నీళ్ళు చిలకరిస్తూ రుబ్బాలి. చిన్న ముద్ద నీళ్ళలో వేస్తే తేలాలి. మిక్సీలో వేస్తే పిండి వేడెక్కి నురుగు తగ్గుతుంది. చెన్నైలో మే నెలలో 6 గంటలు చాలు, రాత్రి రుబ్బి వదిలేస్తే పొద్దుటికి పుల్లగా దిగజారిపోతుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. డిసెంబరులో అదే పిండికి 12 నుంచి 15 గంటలు పడుతుంది. గిన్నెను వెచ్చగా ఉండేచోట, మూతపెట్టిన ఓవెన్‌లో లైటు వేసి ఉంచితే పని జరుగుతుంది.

ఇంత చెప్పి వద్దని ఎందుకంటున్నానంటే, పులియబెట్టి ఆవిరిమీద ఉడికించడం గుజరాత్ ఢోక్లాలోనూ ఉంది. ఇంకోవైపు ఉత్తర కర్ణాటక పల్లెల్లో, తెలంగాణ పల్లెల్లో ఇడ్లీ మొదట టౌన్ హోటలు తిండి, ఇంటి తిండి కాదు. గీతకు పనికొచ్చేది ఉప్పుడు బియ్యం, పచ్చి బియ్యం తేడా. రోజూ అన్నానికి ఉప్పుడు బియ్యం వాడేది కేరళ, తమిళనాడు. పచ్చి బియ్యం మనం, తీరప్రాంతం తప్ప మిగతా కన్నడిగులు. ఇది దక్షిణాది లోపలి గీత, మధ్యగా పోతుంది.

కాఫీ కూడా అంతే. కేరళ టీ తాగుతుంది, హైదరాబాదు చాయ్ తాగుతుంది. డికాక్షన్‌ను దక్షిణాది జెండాగా ఎగరేయడం చెన్నై, బెంగళూరు వాళ్ళ పక్షపాతం.

#12 జొన్నచేను (యలహంక, బెంగళూరు)

పిండిరుబ్బు గారి మాటకు ఒక సవరణ. తిండి గీత పక్కన ఏడాది వేయకపోతే అది తప్పుడు గీత అవుతుంది.

రాయలసీమ, తెలంగాణ, ఉత్తర కర్ణాటకలో పాత తిండి జొన్న, సజ్జ, కొర్ర. పాత మైసూరులో రాగి. వరి అన్నం కాలువల కింది డెల్టాలది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక మెట్ట ఊళ్ళలో కూడా కంచంలోకి రోజూ అన్నం చేరింది. 1950 అని రాసి ఒక గీత, 2000 అని రాసి ఒక గీత వేస్తే తిండి ఎలా కదిలిందో తెలుస్తుంది. ఒక్క గీతే వేస్తే డెల్టా తిండిని దక్షిణాది తిండి అని చెప్పినట్టే.

జొన్నరొట్టె తెలియని పిల్లలకు చూపించాలంటే పిండి కొత్తగా ఆడించింది తీసుకోండి. జొన్నలో గోధుమలా సాగే జిగురు లేదు. మరిగే నీళ్ళు పోసి కలిపితేనే ముద్ద కట్టుకుంటుంది. చల్లనీళ్ళతో కలిపినా, పిండి నెలల నాటిదైనా, తట్టేటప్పుడే అంచులు పగులుతాయి.

#13 వరసలు (విల్లివాక్కం, చెన్నై)

నా ఉద్దేశంలో వాన కంటే, భాష కంటే గట్టి గీత చుట్టరికం. పరీక్ష చాలా తేలిక. పిల్లల్ని రెండు ప్రశ్నలు అడగండి. నాన్న అన్నదమ్ముల పిల్లల్ని ఏమంటావు? నాన్న అక్కచెల్లెళ్ళ పిల్లల్ని ఏమంటావు?

మనకు మొదటివాళ్ళు అన్న, తమ్ముడు, అక్క, చెల్లి. రెండోవాళ్ళు బావ, బావమరిది, వదిన, మరదలు. తమిళంలో అత్తాన్, మచ్చాన్, కన్నడంలో భావ, మైదున. హిందీలో ఇద్దరూ భాయీ బహెన్లే, ముందు చచేరా, ఫుఫేరా అని తగిలిస్తారు. మరాఠీలోనూ ఆతేభావూ, మామేభావూ. అందరూ భావూలే.

పదాల వెనక ఉన్నది మేనరికం. అత్త అంటే నాన్న చెల్లెలూ, పెళ్ళయ్యాక అత్తగారూ ఒకటే మాట కావడానికి కారణం అదే. మహారాష్ట్రలో కొన్ని కులాలలో మేనమామ కూతుర్ని చేసుకుంటారు, మేనత్త కూతుర్ని మాత్రం చేసుకోరు. మన దగ్గర రెండువైపులా చెల్లుతుంది. 1953లో మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే బంధుత్వాలను బట్టి దేశాన్ని నాలుగు మండలాలు చేసినప్పుడు మహారాష్ట్రను దక్షిణంలో కాక మధ్య మండలంలో పెట్టారు.

చట్టం కూడా ఈ గీతను గుర్తించింది. 1955 హిందూ వివాహ చట్టం 5వ సెక్షన్ దగ్గరి సంబంధాలను నిషేధిస్తూనే, ఇద్దరి పక్షాల ఆచారమూ ఒప్పుకుంటే తప్ప అని మినహాయింపు పెట్టింది. "ఇద్దరి" అన్నది ముఖ్యం. ఒక్క పక్షం ఆచారం చాలదు. ఆ ఆచారం చాలాకాలంగా ఎడతెగకుండా నడుస్తున్నదై ఉండాలి. పిల్లలకు చెప్పేటప్పుడు మాత్రం పుట్టబోయే బిడ్డల ఆరోగ్యం దృష్ట్యా ఇవాళ వైద్యులు దగ్గరి చుట్టరికాలను వద్దంటారన్న సంగతీ కలిపి చెప్పండి. మాటలు మిగిలాయి, పెళ్ళిళ్ళు తగ్గుతున్నాయి.

#14 మలబారుగట్టు (ఇందిరానగర్, బెంగళూరు)

వరసలు గారి గీతలో కేరళను జాగ్రత్తగా చూపండి. అక్కడ మేనమామ కూతురు, మేనత్త కూతురు చెల్లుతారు. కానీ మేనమామే మేనకోడల్ని చేసుకోవడం తమిళ, తెలుగు, కన్నడ దేశాల్లో ఉన్నట్టు నాయర్లలో కుదరదు. మాతృవంశపు ఉమ్మడి కుటుంబమైన తరవాడులో మేనమామా మేనకోడలూ ఒకే ఇంటివాళ్ళు. అన్నాచెల్లెళ్ళ పెళ్ళి ఎంత తప్పో అదీ అంతే. ఒకే రంగు వేసి మధ్యలో చుక్కలు పెడితే సరిపోతుంది.

#15 పంచాంగబల్ల (తిరువొత్తియూర్, చెన్నై)

పంచాంగం గీత గీస్తే మీరంతా ఆశ్చర్యపోతారు. తెలుగు, కన్నడ, మరాఠీ, గుజరాతీలకు నెల అమావాస్యతో ముగుస్తుంది. ఉత్తరాన పౌర్ణమితో. అందుకే కృష్ణాష్టమి ఒకే రోజైనా మనకు శ్రావణ బహుళం, వాళ్ళకు భాద్రపద కృష్ణపక్షం. తమిళులకు, కేరళకు, తుళునాడుకు అసలు నెల సూర్యుడిది, చంద్రుడిది కాదు. తమిళులకు, తుళునాడుకు ఏడాది ఏప్రిల్ నడిమికి మొదలవుతుంది, ఒడిశా, బెంగాల్‌లలో లాగే. కేరళ కొల్లం ఏడాది మాత్రం ఆగస్టు నడిమికి. ఉగాది రోజునే గుడిపాడ్వా. అంటే పంచాంగంలో మన పక్కన కూర్చునేది పుణె, తంజావూరు కాదు.

దక్షిణాదిని కలిపేది ఒకటుంది: అరవై ఏళ్ళ పేర్లు. బృహస్పతి గమనాన్ని బట్టి ఉత్తరాన అప్పుడప్పుడు ఒక పేరు దాటేస్తారు. దక్షిణాన దాటడం ఎప్పుడో మానేశారు. అందువల్ల ఉత్తరాది పేరు ఇప్పుడు మనకంటే పదికి పైగా ముందుంది. మన పేరు కట్టే పద్ధతి: ఉగాది తర్వాత క్రీస్తు సంవత్సరంలోంచి 78 తీసేస్తే శాలివాహన శకం. దానికి 12 కలిపి 60తో భాగించండి. శేషం ఎంతో ప్రభవ నుంచి అన్నోది. 2025 తీసుకుంటే 1947, కలిపితే 1959, శేషం 39, విశ్వావసు. శేషం సున్నా వస్తే అక్షయ. ఉగాదికి ముందు జనవరి, ఫిబ్రవరిలో అయితే 79 తీసేయాలి. ఇది మరిచిపోయే చాలామంది ఒక పేరు ముందుకు పోతారు.

#16 తంబురా (జయనగర్, బెంగళూరు)

సంగీతం గీత కర్ణాటకను రెండుగా కోస్తుంది. తుంగభద్రకు దక్షిణాన కర్ణాటక సంగీతం, ధార్వాడ–హుబ్బళ్ళి వైపు హిందుస్థానీ. సవాయి గంధర్వ, మల్లికార్జున మన్సూర్, గంగూబాయి హానగల్, భీంసేన్ జోషి అందరూ ఆ నేలవాళ్ళే. ధార్వాడ, బెళగావి, విజయపుర 1956 దాకా బొంబాయిలో ఉండడం, కిరానా ఘరానా అనే హిందుస్థానీ గాన సంప్రదాయానికి చెందిన అబ్దుల్ కరీంఖాన్ మిరజ్‌లో స్థిరపడడం, ఈ రెండూ కలిసి పనిచేశాయి. దక్షిణాన మాత్రం భాష అడ్డు కాలేదు. తమిళదేశంలో తిరువయ్యారులో కూర్చుని త్యాగరాజు రాసింది తెలుగులోనే.

గుడి శిఖరాన్ని మాత్రం గీతకు వాడకండి. ఉత్తరాది రేఖానాగర శిఖరాలు తుంగభద్ర ఒడ్డున అలంపురంలో ఉన్నాయి. ద్రావిడ పద్ధతి కైలాసాలయం మహారాష్ట్రలో ఎల్లోరాలో ఉంది. పట్టదకల్లులో రెండూ పక్కపక్కనే. ఆ శిల్పులు మీ పటం చూసుకుని కట్టలేదు.

#17 పట్టాలు (ఆవడి, చెన్నై)

పాలన గీతలు త్వరగా చెప్పేస్తాను. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం కింద ఏర్పడ్డ దక్షిణ మండలి (రాష్ట్రాలు ఉమ్మడి విషయాలు చర్చించుకునే వేదిక): ఇప్పటి లెక్కలో ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, కేరళ, తమిళనాడు, పుదుచ్చేరి. గోవా పశ్చిమ మండలిలో, ఒడిశా తూర్పులో. లోక్‌సభలో ఈ ఐదు రాష్ట్రాలకు 543లో 129 సీట్లు. పేపర్లు దక్షిణాది అంటే వాళ్ళ మనసులో ఉన్నది ఈ గీతే.

రైల్వేది వేరు. దక్షిణ రైల్వే 1951 ఏప్రిల్ 14న మూడు రైల్వేల కలయికతో పుట్టింది. 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య, 2003లో హుబ్బళ్ళి కేంద్రంగా నైరుతి రైల్వే విడిపోయాయి. ఇప్పుడు దక్షిణ రైల్వే చెన్నైకి ఉత్తరాన గూడూరు దగ్గర ఆగిపోతుంది, పడమట మంగళూరు సెంట్రల్ మాత్రం దాని కిందే. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో ఉత్తరపు కొస గంజాం. 1936లో ఒడిశాకు పోయింది. ఈ మూడూ సన్న పెన్సిల్ గీతలుగా వేస్తే చాలు.

#18 కొలతబద్ద

ఇప్పటికి తేలింది ఇది: ఒక గీత లేదు. కాబట్టి బడిగోడ గారూ, కింద ఉత్త భూమి పటం పెట్టి, ఒక్కో గీతను వేరే పారదర్శక షీటు మీద గీయండి. ట్రేసింగ్ కాగితం వద్దు. చెన్నై తేమకు కాగితం ఉబ్బుతుంది, ఆరు పొరలు పేర్చేసరికి గీతలు కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరుగుతాయి. పాలిస్టర్ ఫిల్మ్ అయితే కదలదు. అన్ని షీట్లకూ ఒకే చోట, పైన మూడు రంధ్రాలు పెట్టి మేకులకు తగిలించండి. పిల్లలు ఒక్కోటి తీసి వేసుకోవచ్చు. మార్కరు శాశ్వత సిరాది కావాలి, లేకపోతే పిల్లల చేతి చెమటకే చెరిగిపోతుంది.

ఆరు పొరలు చాలు: దక్షిణ మండలి, ఈశాన్య వాన, గి–జంటమాట, బావ వరస, కర్ణాటక సంగీతం, 1950 నాటి వరి అన్నం. ఇక ఊళ్ళు లెక్కపెట్టండి. చెన్నై ఆరు గీతల్లోనూ ఉంది. బెంగళూరు ఐదు, రాగి వల్ల ఒకటి పోయింది. హుబ్బళ్ళి మూడు: మండలి, జంటమాట, బావ. హైదరాబాదుకూ ఆ మూడే ఖాయం, సంగీతంలో రెండూ ఉన్నాయి కాబట్టి సగం వేయొచ్చు. కొల్హాపూర్‌కు ఒక్కటీ పూర్తిగా రాదు. మరి విశాఖపట్నం? ఆరుకు ఆరు. చెన్నై నుంచి తిన్నగా కొలిచినా 600 మి.మీ. పైన, హైదరాబాదు కంటే ఉత్తరాన ఉన్న ఊరు బెంగళూరు కంటే ఎక్కువ దక్షిణాది అని తేలుతోంది.

#19 శాసనలిపి

విశాఖ సంగతి చూసి లెక్క రెండోసారి వేశాను, సరిగానే ఉంది. దక్షిణాదితనం అక్షాంశంతో కాక తీరంవెంట పైకి పాకిందన్నమాట. డెల్టాలు, తూర్పుగాలి, ఓడరేవులు దాన్ని మోసుకెళ్ళాయి. పీఠభూమి మీద అది తుంగభద్ర దగ్గరే పలచబడడం మొదలవుతుంది.

ఇంకొకటి గమనించండి. ఈ ఆరు గీతల్లో మూడు తెలుగు నేల లోపలినుంచే పోతున్నాయి: వాన, తిండి, సంగీతం. తమిళదేశం లోపలినుంచి తిండి గీత తప్ప ఇంకేదీ పోదు. దక్షిణాది ఏమిటని తమిళ పిల్లవాణ్ణి అడిగితే తడుముకోకుండా చెబుతాడు. తెలుగు పిల్లవాడు ఏ ఊరివాడన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. మీ తరగతిలో శ్రీకాకుళం, కర్నూలు, వరంగల్ మూలాలున్న పిల్లలు ఉంటే ముగ్గురినీ ఆ పటం ముందు నిలబెట్టి ఎవరి ఊరు ఎన్ని గీతల్లో ఉందో వాళ్ళచేతే లెక్కపెట్టించండి.

#20 బడిగోడ

అందరికీ నమస్కారాలు. ఆరు పొరలే వేస్తున్నాం. పటం పేరు "దక్షిణాది గీతలు" అని మార్చాం. పాలిస్టర్ ఫిల్మ్ రేపు ప్యారిస్ కార్నర్‌లో చూస్తాం. ఒక చిన్న ప్రశ్న మిగిలింది: పుదుచ్చేరిలో భాగాలైన యానాం, మాహేలను ఏం చేయాలి? పుదుచ్చేరి రంగు వేస్తే రెండూ తమిళనాడు పక్కన చేరాలి, వానపొరలో అలా కుదరడం లేదు.

#21 వానమాపకం

వానపొరలో యానాం కోస్తాంధ్రతో, మాహే కేరళతో, కారైకాల్ తమిళనాడుతో. వాతావరణశాఖ అలాగే కలిపింది. గాలి పాలన చూడదు. మండలి పొరలో మాత్రం మూడింటికీ పుదుచ్చేరి రంగే వేయండి. యానాం 30 చదరపు కిలోమీటర్లు, మీ స్కేలులో ఐదున్నర మి.మీ. చదరం. మాహే 9, అంటే 3 మి.మీ. సన్నమొన మార్కరుతో చుక్క పెట్టి పక్కన పేరు రాయండి. లావు మార్కరు వాడితే మాహే సిరాలో మునిగిపోతుంది.